టై, తర్బూషా, తువ్వాలు

అబుదాబి ద్వీపం వదిలి ముసఫ్ఫా వైపు వస్తే, కార్ఖానాల పక్కనే మహమ్మద్ బిన్ జాయెద్ సిటీ మొదలవుతుంది. పేరు పొడుగు కాబట్టి అందరూ ఎంబీజెడ్ అంటారు. అపార్ట్‌మెంట్లు వరసగా ఉన్న వైపును మాత్రం ఇప్పటికీ శాబియా అనే అంటారు. మనదేశం వాళ్ళు చాలామంది ఉండే చోటు. ఇక్కడ మజ్యద్ మాల్ గుమ్మం దగ్గర ఏ సాయంత్రమైనా ఓ పావుగంట నిలబడితే మగవాళ్ళ మెడలు మూడు రకాలని తెలిసిపోతుంది.

మొదటిది టై ఉన్న మెడ. క్రెడిట్ కార్డులు అంటగట్టే బ్యాంకు కుర్రాడు, తలుపు దగ్గర సెక్యూరిటీ మనిషి, స్కూలు బస్సు దిగి వస్తున్న నాలుగో తరగతి పిల్లాడు. రెండోది కందూరా మెడ. తెల్లగా, కాలరు లేకుండా, గొంతు గుంట దగ్గర్నుంచి ఛాతీ మీదకు జారే ఒక దారపు కుచ్చుతో ఉంటుంది. మూడోది ఏమీ లేని మెడ. టీషర్టు, లేదా పై గుండీ విప్పిన చొక్కా. తెలుగువాళ్ళం ఎక్కువమంది ఈ మూడో లెక్కలోకి వస్తాం.

కానీ ఈ మూడో మెడ కూడా మొదట్నుంచీ ఖాళీ కాదు. రెండు మూడు తరాల వెనక్కి వెళ్తే దానిమీద ఒక గుడ్డ ఉండేది. ఆంధ్రలో కండువా, తెలంగాణలో తువ్వాల, కాస్త గౌరవంగా ఉత్తరీయం. దాన్ని ఎవరు వేసుకోవచ్చు, ఎవరి ముందు తీసేయాలి అన్నదానికి రాయని చట్టాలు ఉండేవి. టై చరిత్ర చదువుతుంటే నాకు ఆ చట్టాలే గుర్తొచ్చాయి. మగవాడి మెడలో గుడ్డ చలి కాయడానికి మొదలై ఉండొచ్చు గానీ, త్వరలోనే అది వేరే పనికి ఎక్కింది: ఈ మనిషి ఎవరి మనిషో చెప్పడం.

సిపాయి రుమాలు

మెడకు గుడ్డ చుట్టుకున్న మగవాళ్ళ పాత ఆనవాళ్ళు సైనికుల దగ్గరే దొరుకుతాయి. చైనా మొదటి చక్రవర్తి చిన్ షి హువాంగ్ క్రీ.పూ. 210లో చనిపోయాడు. ఆయన సమాధికి కాపలాగా పాతిపెట్టిన మట్టి సైన్యం 1974లో బయటపడింది. ఆ సిపాయిల మెడల చుట్టూ మడత పెట్టిన గుడ్డలు ఉన్నాయి. రోములో క్రీ.శ. 113 నాటి ట్రాజన్ స్తంభం మీద చెక్కిన సైనికుల మెడల్లోనూ అలాంటి గుడ్డలే. ఇనప కవచం మెడకు ఒరుసుకోకుండా అదో అడ్డు, చెమట పీల్చడానికి అదో సాధనం.

ఈనాటి టై వంశవృక్షం మాత్రం 17వ శతాబ్దపు క్రొయేషియా సిపాయిల దగ్గర మొదలవుతుందని ఎక్కువమంది ఒప్పుకుంటారు. 1618 నుంచి 1648 దాకా యూరప్‌ని అతలాకుతలం చేసిన ముప్పై ఏళ్ళ యుద్ధంలో వాళ్ళు జీతానికి పోరాడారు. మెడకు రంగురుమాళ్ళు కట్టుకునేవారు. ఫ్రెంచివాళ్ళకు ఆ కట్టు నచ్చింది. క్రొయేషియావాణ్ణి వాళ్ళు పిలిచే పేరే ఆ గుడ్డకూ పెట్టి 'క్రవాట్' అన్నారు. పద్నాలుగో లూయీ కాలంలో ఫ్రెంచి సైన్యంలో ఏకంగా రాయల్ క్రవాట్ అనే దళమే ఉండేది. కూలికి ప్రాణమిచ్చే సిపాయి రుమాలు రాజసభకు చేరేసరికి లేసు అల్లికల నగ అయింది. సిపాయికి ఏం మిగిలిందో చరిత్ర చెప్పదు. పేరు మాత్రం మిగిలింది. క్రొయేషియావాళ్ళు దాన్ని ఇప్పటికీ గట్టిగా పట్టుకున్నారు. 2003లో పులా పట్టణంలోని రోమను కాలపు రంగస్థలం చుట్టూ 808 మీటర్ల ఎర్ర టై కట్టారు. అక్టోబర్ 18ని టై దినోత్సవంగా జరుపుకుంటారు.

యుద్ధం ఈ గుడ్డను మరోసారి మార్చింది. 1692లో స్టీన్‌కర్క్ దగ్గర ఫ్రెంచి సైన్యం మీద శత్రువులు చెప్పకుండా వచ్చిపడ్డారట. లేసులు సర్దుకుని ముడి వేసే తీరిక లేక, అధికారులు రుమాలు అంచులు మెలిపెట్టి కోటు గుండీ కాజాలో దోపుకుని గుర్రాలెక్కారట. గెలిచారు కాబట్టి ఆ తొందర కాస్తా ఫ్యాషనైంది. ఓడి ఉంటే అది తప్పుకట్టుగానే మిగిలేది.

ముడి వేయడమే ఉద్యోగం

యుద్ధం నుంచి అద్దం ముందుకు తెచ్చినవాడు లండన్‌లో బో బ్రమ్మెల్. 1778లో పుట్టాడు. గొప్ప వంశం కాదు, పెద్ద ఆస్తి కాదు. శుభ్రంగా ఉతికి గంజిపెట్టిన తెల్ల గుడ్డను మెడకు ఎలా చుట్టాలో తెలుసు, అంతే. ఆ ఒక్క విద్యతో యువరాజు పక్కన కూర్చున్నాడు. ఆయన గది నుంచి సేవకుడు నలిగిన గుడ్డలు చేతినిండా మోసుకొస్తుంటే, అవేమిటని అడిగినవాళ్ళకు ఇవాళ కుదరని ముడులు అని చెప్పాడని ఒక కథ. ఒక్క ముడి కోసం పొద్దున్నే ఇన్ని గుడ్డలు. చివరికి అప్పులపాలై 1816లో ఫ్రాన్సుకి పారిపోయాడు, 1840లో అక్కడే ఒక ఆశ్రయంలో మతి చలించి పోయాడు. ఆయన నేర్పిన తెలుపు, నలుపు, పొందిక మాత్రం మగవాళ్ళ బట్టల్లో నిలిచిపోయాయి.

ఆ రోజుల్లో ఈ విద్యకు పాఠ్యపుస్తకాలు కూడా వచ్చాయి. 1828లో లండన్‌లో వచ్చిన ఒక పుస్తకం క్రవాట్ కట్టడానికి 32 పద్ధతులు నేర్పింది. తర్వాత శతాబ్దంలో అవి నాలుగైదు కుటుంబాలుగా స్థిరపడ్డాయి. మెడ కింద వెడల్పుగా పరుచుకుని పిన్నుతో నిలిచేది ఆస్కాట్, గుర్రప్పందేల ఊరి పేరు. సీతాకోకచిలుకలా రెండు రెక్కలు విప్పేది బో టై. రాత్రి విందుకి నల్లది, అంతకన్నా పెద్ద మర్యాదలకు తెల్లది. పొడుగ్గా బెల్టు దాకా దిగేది మనందరికీ తెలిసిన టై. అమెరికా పడమటి రాష్ట్రాల్లో జడలా అల్లిన తాడుకు ఒక లోహపు బిళ్ళ తొడిగి బోలో టై అంటారు. అరిజోనా 1971లో దాన్నే తన అధికారిక మెడకట్టుగా ప్రకటించుకుంది.

పొడుగు టైకి వేసే మామూలు ముడి పేరు ఫోర్ ఇన్ హ్యాండ్. నాలుగు గుర్రాల బండి పగ్గాలు ఒక చేత్తో పట్టే పద్ధతి నుంచి ఆ పేరు వచ్చిందంటారు. నాకు ఇష్టమైన సంగతేమిటంటే, తెరచాప తాళ్ళకు నావికులు వేసే ఒక పాత ముడీ ఇదీ అచ్చంగా ఒకటే. వెడల్పు కొసను సన్న కొస మీదుగా తెచ్చి, వెనక నుంచి తిప్పి, మళ్ళీ ముందుకు అడ్డంగా వేసి, మెడ దగ్గర కింద నుంచి పైకి తీసి, ముందు పడిన ఉచ్చులోంచి దించడం. నాలుగు కదలికలు. ముడి కింద బుగ్గసొట్టలాంటి చిన్న గుంట పడితే కుదిరినట్టు. దీనికన్నా లావుగా, మూడు మూలలు సమంగా ఉండేదాన్ని విండ్సర్ ముడి అంటారు. రాజ్యం వదులుకున్న ఎనిమిదో ఎడ్వర్డ్ పేరు అది. ఆయన ఆ ముడి వేసుకునేవాడు కాదు. లోపల మందం గుడ్డ పెట్టించుకుని మామూలు ముడే వేసుకునేవాడు. లావుగా కనిపించేసరికి జనం ఆ లావు కోసం కొత్త ముడి కనిపెట్టారు.

1999లో కేంబ్రిడ్జిలో థామస్ ఫింక్, యోంగ్ మావ్ అనే ఇద్దరు భౌతికశాస్త్రవేత్తలు ఇక ఊహలు చాలని లెక్క కట్టారు. మామూలు టైకి తొమ్మిది కదలికల లోపు వేయగల ముడులు 85 అని 'నేచర్' పత్రికలో అచ్చువేశారు. వాటిలో అందంగా ఉండేవి పదో పన్నెండో.

కుట్టు సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే టై వేసుకునేవాళ్ళకు ఇది కనిపించదు. పాత టైలు ముడి విప్పాక మెలిపడిపోయేవి. 1920లలో న్యూయార్క్ దర్జీ జెస్సీ లాంగ్స్‌డార్ఫ్ గుడ్డను పోగు వెంబడి కాకుండా ఏటవాలుగా కత్తిరించి, మూడు ముక్కలుగా కుట్టి పేటెంటు తీసుకున్నాడు. ఏటవాలు గుడ్డ సాగుతుంది, మళ్ళీ యథాస్థానానికి వస్తుంది. మీ దగ్గరున్న టైని తిప్పి చూడండి. వెనక మధ్యలో ఒక వదులు కుట్టు ఉంటుంది. దాన్ని అలా వదులుగా వదిలేది ముడి బిగించినప్పుడు గుడ్డ జరగడానికి.

చారల్లో కులం

1880లో ఆక్స్‌ఫర్డ్‌లోని ఎక్సెటర్ కాలేజీ పడవ పందేల కుర్రాళ్ళు తమ టోపీలకున్న రంగు రిబ్బన్లు విప్పి మెడకు కట్టుకున్నారు. కాలేజీ టై అలా పుట్టిందంటారు. తర్వాత స్కూళ్ళకు, క్లబ్బులకు, సైనిక దళాలకు తలో చారల టై వచ్చింది. చార ఎటు వాలిందో, ఏ రంగు పక్కన ఏ రంగు ఉందో చూసి ఎదుటివాడు ఎక్కడ చదివాడో పోల్చేయవచ్చు. ఇంగ్లండులో 'పాత స్కూలు టై' అంటే గుడ్డ పేరు కాదు, ఒకరికొకరు ఉద్యోగాలిచ్చుకునే పెద్దింటి బంధుత్వం పేరు. మనకు అర్థం కావడానికి ఇంతకంటే వివరం అక్కర్లేదు. మన దగ్గర అది ఇంటిపేరు వినగానే తెలిసిపోయేది.

ఆ టైనే మనకు కాన్వెంటు తెచ్చింది. కోస్తాలో గానీ తెలంగాణలో గానీ చిన్న ఊళ్ళకు ఇంగ్లీషు మీడియం బడి వచ్చినప్పుడు మొదట వచ్చింది ఇంగ్లీషు కాదు, టై బెల్టు బూట్లు. ఎండకు చెమటలు కారుతున్న ఆరేళ్ళ పిల్లవాడికి ఎలాస్టిక్ టై తగిలించి బస్సెక్కించిన తల్లికి అది ఒక భరోసా. ఆవిడకు ఆ టై వెనక ఆక్స్‌ఫర్డ్ తెలియదు. పొలంలో వంగక్కర్లేని బతుకు మాత్రం కనిపించేది. ఊరికొక్క ఫోటో స్టూడియోలో ఒకే కోటు, ఒకే టై మేకుకు వేలాడుతుండేవి. పెళ్ళిచూపుల ఫోటోకీ, ఉద్యోగం దరఖాస్తు ఫోటోకీ ఊరి కుర్రాళ్ళందరూ ఆ ఒక్క టైలోనే దూరేవారు. ముడి ఎవరికీ రాదు కాబట్టి, ఎవరో తెలిసినవాడు వేసిన ముడిని ఏళ్ళ తరబడి విప్పేవారు కాదు. వేళాకోళానికి కంఠలంగోటి అన్నవాళ్ళు కూడా పెళ్ళి రిసెప్షన్‌కి అదే కట్టుకుని నిలబడ్డారు.

కందూరా కుచ్చు

ఇక ఈ ఊరి సొంత మెడ సంగతి. గల్ఫ్ దేశాల తెల్ల అంగీలు మనకు మొదట్లో అన్నీ ఒకేలా కనిపిస్తాయి. ఇక్కడ కొన్నాళ్ళు ఉన్నవాళ్ళు మెడ చూసి దేశం చెప్తారు. సౌదీ అంగీకి చొక్కాలాంటి గట్టి కాలరు, తరచూ చేతులకు కఫ్‌లింకులు. కువైట్‌వాళ్ళకు ఒంటి గుండీ కాలరు. ఎమిరాతీల కందూరాకు కాలరే ఉండదు. గుండ్రటి మెడ, దాని మధ్యలోంచి పొడుగ్గా జారే కుచ్చు. దాన్ని తర్బూషా అంటారు, ఫర్రూఖా అనే పేరూ ఉంది. ఒమన్ అంగీకీ కాలరుండదు, కుచ్చు ఉంటుంది. కానీ అక్కడ పొట్టిది, మధ్యలో కాకుండా కుడిపక్కకు ఉంటుంది. పక్కపక్క దేశాలకు ఆ నాలుగు వేళ్ళ దూరమే సరిహద్దు.

తర్బూషా ఉత్త అలంకారం కాదు. దాన్ని అత్తరులోనో ఊద్ నూనెలోనో తడుపుతారు. మనిషి నడిచొస్తుంటే, పలకరించడానికి దగ్గరికి వంగితే, వాసన ముందు పలకరిస్తుంది. టైకి లేని సుగుణం ఇది. యూరప్‌లో మెడగుడ్డకు చివరికి ఏ పనీ మిగల్లేదు. ఎడారిలో నీళ్ళు అపురూపమైన కాలంలో పుట్టిన ఈ కుచ్చు మాత్రం పరిమళం మోసే పని మానలేదు.

కందూరాలు కుట్టే దుకాణాల్లో దర్జీలు చాలామంది మన ఉపఖండం వాళ్ళే. అంగీ మీద దారం పనితనం, కుచ్చు పొడవు, ముడి బిగువు అన్నీ కొలతలకు లోబడి ఉంటాయి. కుట్టేవాడు మాత్రం దాన్ని వేసుకోడు. వేసుకోకూడదని చట్టమేమీ లేదు. కానీ జనాభాలో స్వదేశీయులు చిన్న భాగమే అయిన దేశంలో ఆ తెల్ల అంగీ పౌరసత్వంలా పనిచేస్తుంది. ప్రభుత్వ కార్యాలయంలో, బ్యాంకులో, విమానాశ్రయంలో కుచ్చున్న మెడ కనిపిస్తే అది ఈ నేల మనిషి అని అర్థం. 1971లో ఏర్పడిన కొత్త దేశం తన మర్యాద దుస్తుల్లో టైకి చోటివ్వకుండా పాత అంగీనే నిలబెట్టుకుంది. గల్ఫ్ అవతలి ఒడ్డున ఇరాన్ 1979 విప్లవం తర్వాత టైని పడమటి గుర్తు అని గట్టిగా తోసేసింది. ఇక్కడ అలాంటి కోపమేమీ కనిపించదు. టై ఉంది, వాడుతున్నారు. మనలాంటి వచ్చినవాళ్ళు వాడుతున్నారు.

ముడి లేని టై

వచ్చినవాళ్ళలో ఎక్కువగా టై కట్టేది కార్పొరేటు ఆఫీసుల్లో అనుకుంటాం. ఆఫీసుల్లో ఇప్పుడు చాలామంది వదిలేశారు. శాబియాలో పొద్దున్నుంచి రాత్రి దాకా టైతో కనిపించేది సెక్యూరిటీ గార్డు. వాళ్ళలో తెలంగాణ పల్లెల నుంచి వచ్చినవాళ్ళు కొద్దిమంది కాదు. ఒకసారి జగిత్యాల వైపు నుంచి వచ్చిన ఒకతన్ని ఆగస్టు ఎండలో చూసి, "కాసేపు టై తీసేయొచ్చు గదా తమ్ముడూ" అన్నాను.

"ముడి గిడి ఏం లేదు సార్, కొక్కెమే. గుంజితె ఊడొస్తది" అని చూపించాడు. "గానీ తియ్యొద్దు. కంపెనీ సూపర్‌వైజర్ చూసిండంటె ఫైనే."

తర్వాత నవ్వుతూ ఇంకో మాట అన్నాడు. "మా తాత దొర ముంగట భుజం మీది తువ్వాల తీసి నడుముకు కట్టుకునేటోడట సార్. నాకేమో తీసెటందుకు లేదు."

ఆ కొక్కెం టైకి ఒక కారణం ఉంది. గొడవలో ఎవడైనా టై పట్టుకు లాగితే అసలు ముడి ఉరిలా బిగుస్తుంది, కొక్కెం టై ఊడి చేతిలోకి వస్తుంది. బ్రిటన్‌లో పోలీసులు కొక్కెం టైలు వాడింది కూడా ఇందుకే. యంత్రాల దగ్గర టై వద్దనేదీ ఇందుకే. వైద్యులదీ ఇలాంటి కథే: ఉతకని టై రోగి మీదకు వేలాడి సూక్ష్మజీవులు మోస్తుందని 2007లో ఇంగ్లండు ఆరోగ్యశాఖ రోగుల్ని చూసేటప్పుడు టై వద్దంది. 2018లో జర్మనీలోని కీల్ వైద్యులు 15 మందికి టై బిగించి స్కానింగ్ చేస్తే మెదడుకు వెళ్ళే రక్తం సగటున 7.5 శాతం తగ్గింది. జపాన్ 2005 వేసవిలో ఆఫీసుల్లో ఏసీ 28 డిగ్రీల దగ్గర పెట్టి, ఉద్యోగుల్ని టైలు విప్పమంది. ప్రధాని కొయిజుమి తానే టై లేకుండా కనిపించాడు. యూఏఈలో జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 వరకు మధ్యాహ్నం 12:30 నుంచి 3 గంటల దాకా ఎండలో ఆరుబయట పని చేయించకూడదన్న నియమం ఉంది. మేస్త్రీకీ కూలీకీ అది నీడనిస్తుంది. గుమ్మంలో నీడనే నిలబడే మనిషి టై గురించి అందులో ఏమీ లేదు.

తువ్వాల ఎక్కడుండాలి

ఆ కుర్రాడు తాత గురించి అన్నది కట్టుకథ కాదు. తెలంగాణలో గడీ ముందు నుంచి నడిచే కింది కులాలవాడు చెప్పులు చేతిలోకి తీసుకోవాలి, భుజం మీది తువ్వాలను చంకలో పెట్టుకోవాలి లేదా నడుముకు చుట్టుకోవాలి. దొర కాల్మొక్కుత అనే మాటకు ముందే ఆ గుడ్డ మాట్లాడేది. ఆంధ్రలోనూ మోతుబరి అరుగు ముందు ఇదే మర్యాద నడిచిన ఊళ్ళున్నాయి. అదే గుడ్డ పెద్దమనిషి మీద మరోలా ఉండేది. పొందూరు సన్నఖద్దరు కండువాకు దూదిని వాలుగ చేప దవడ పళ్ళతో దువ్వి శుభ్రం చేసేవారు. మంగళగిరి, గద్వాల, నారాయణపేట నేతల్లో జరీ అంచు వేరు. మడత పెట్టి ఒక భుజం మీద వేస్తే రైతు పెద్దరికం, రెండు భుజాల మీదుగా వేస్తే పాండిత్యం, మెడ చుట్టూ తిప్పి ముందుకు వదిలితే పెళ్ళికొడుకు హోదా.

కష్టజీవి తువ్వాలకు మాత్రం వంద పనులు. ఎండకు తలపాగా, చెమటకు రుమాలు, మామిడికాయల మూట, చెట్టు కింద పక్క, బావిలో దిగేవాడికి మొలగుడ్డ. టైకి దీనిలో ఒక్కటీ చేతకాదు. అయినా తువ్వాలలో ఆ వంద పనులూ ఎవరికీ అభ్యంతరం కాలేదు. భుజం మీద ఊరికే ఉండటమే నేరమైంది.

అందుకే అంబేద్కర్ టైని ఫ్యాషన్ లెక్కలో చూడలేం. గాంధీ లండన్ చదువు రోజుల్లో రోజూ అద్దం ముందు పది నిమిషాలు టై సర్దుకోవడానికి పోగొట్టానని ఆత్మకథలో రాసుకున్నాడు. 1921 సెప్టెంబర్‌లో మదురైలో అన్నీ వదిలి కొల్లాయి కట్టాడు. ఉన్నవాడు వదలడం అది, దానికి పెద్ద విలువే ఉంది. కానీ మంచి బట్ట కట్టుకుంటేనే దెబ్బలు తినే కులాల నుంచి వచ్చిన మనిషి, సూటూ టైతో దేశం ముందు నిలబడితే దానికి వేరే అర్థం వచ్చింది. మన ఊళ్ళలో కూడలి కూడలికీ కనిపించే విగ్రహంలో నీలం కోటు, ఎర్ర టై తప్పకుండా ఉండటం శిల్పి అలవాటు మాత్రమే కాదు. 2023 ఏప్రిల్ 14న హైదరాబాదులో, 2024 జనవరి 19న విజయవాడలో 125 అడుగుల విగ్రహాలు లేచాయి. తువ్వాల తీసి నడిచిన వీధుల్లో తాతల తరఫున ఒకాయన కోటు వేసుకుని నిలబడ్డాడు. తీయమనే ధైర్యం ఎవరికుంది?

కండువా కూడా అప్పట్నుంచీ మారింది. ఇప్పుడది పార్టీలది. 1982లో తెలుగుదేశంతో పసుపు, 2001లో తెలంగాణ రాష్ట్ర సమితితో గులాబీ. ఎర్రదీ మూడు రంగులదీ అంతకుముందే ఉన్నాయి, కాషాయం తర్వాత వీధివీధికీ వచ్చింది. పేపర్లో 'కండువా కప్పుకున్నారు' అని చదివితే ఆయన పార్టీ మారాడని మనకు వేరే చెప్పక్కర్లేదు. ప్రపంచంలో ఇంకే భాషలోనైనా మెడగుడ్డ మార్చడమంటే విధేయత మార్చడమని ఇంత సూటిగా అర్థమవుతుందా అని నాకు అనుమానం. క్రొయేషియా సిపాయికైతే వెంటనే అర్థమయ్యేది. ఒక తేడా మాత్రం గమనించాలి. కండువాను ఎవరికి వారు వేసుకోరు. నాయకుడు కప్పుతాడు, కప్పించుకున్నవాడు తల వంచుతాడు.

విప్పే హక్కు

2021 ఫిబ్రవరిలో న్యూజిలాండ్ పార్లమెంటులో మావోరి పార్టీ నాయకుడు రావిరి వైటిటి టై కట్టుకోలేదని స్పీకర్ ఆయన్ని సభ నుంచి పంపించేశాడు. మెడలో తన పూర్వీకుల పచ్చరాయి పతకం ఉంది, తనకు మర్యాద అదేనని ఆయన వాదన. రెండు రోజుల్లో నియమమే మారింది, టై తప్పనిసరి కాకుండా పోయింది. ఇంగ్లండు దిగువసభలో 2017లోనే స్పీకర్ టై లేకపోయినా మాట్లాడనిస్తానన్నాడు. మన న్యాయవాదులు మాత్రం ఇప్పటికీ 17వ శతాబ్దపు ఇంగ్లీషు కాలరుకు మునిమనవరాలైన తెల్ల బ్యాండును గొంతుకు కట్టుకుంటున్నారు. బార్ కౌన్సిల్ నియమాల్లో జిల్లా కోర్టుల వేసవికి నల్లకోటు నుంచి వెసులుబాటు ఉంది.

ఇవన్నీ పక్కపక్కన పెడితే ఒక వరస కనిపిస్తుంది. దొర ముందు తాతకు తువ్వాల ఉంచుకునే హక్కు లేదు. కంపెనీ ముందు మనవడికి టై తీసే హక్కు లేదు. బ్రమ్మెల్, గాంధీ, అంబేద్కర్, వైటిటి: ఈ నలుగురికీ బట్టల్లో పోలికే లేదు. కానీ నలుగురూ తమ మెడ సంగతి తామే తేల్చుకున్నారు. మర్యాద దుస్తులన్నది అక్కడ మొదలవుతుందని నా లెక్క. గుడ్డ పట్టుదా నూలుదా, ముడి విండ్సరా మామూలా అన్నవి తర్వాతి ప్రశ్నలు.

ఎంబీజెడ్‌లో మన పిల్లలు చాలామంది ఎలాస్టిక్ టైలతోనే పెరుగుతున్నారు. వాళ్ళకు పదేళ్ళు వచ్చేసరికి నిజం టై ఒకటి కొనిచ్చి, అద్దం ముందు నిలబెట్టి ఆ నాలుగు కదలికలూ నేర్పితే మంచిది. ఉగాదికి పంచె కట్టించినప్పుడు కండువా మడత వేయడం కూడా నేర్పొచ్చు. ఆ గుడ్డ తాతల భుజాల మీద నుంచి ఎందుకు దిగిందో, ఎలా మళ్ళీ ఎక్కిందో అప్పుడే చెప్పొచ్చు. టై నేర్పేటప్పుడు ఇంకో చిన్న సంగతి చూపించండి. ఫోర్ ఇన్ హ్యాండ్ ముడి ఎంత బిగిసినా, సన్న కొసను ముడిలోంచి పూర్తిగా బయటకు లాగేస్తే గుడ్డలో ముడన్నదే మిగలదు. దాన్ని ముడితోనే మేకుకు తగిలించి ఏళ్ళ తరబడి దాచక్కర్లేదు. కట్టుకోవాలనిపించినప్పుడు మళ్ళీ కట్టుకోవచ్చు.